ఏం చేస్తున్నావమ్మా అని అడిగితే ఏం చెప్పాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ శాతం ఒకటే గోల, డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగం రాలేదు, ఉన్న ధైర్యం కూడా పోతోంది అని. మూడింటికి జవాబు రాస్తున్నా. మొదటిదే చాలా చోటు తినేసింది, మిగతా ఇద్దరూ ఏమనుకోవద్దు.

ప్రశ్న: అక్కా, మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. 2024లో బీటెక్ ఈసీఈ అయ్యింది. క్యాంపస్‌లో ఒక కంపెనీకి ఫైనల్ రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయాను, ఆఫ్ క్యాంపస్‌లో అప్లై చేస్తుంటే రిప్లై కూడా రావట్లేదు. నాన్న కొబ్బరి దింపు పని చేస్తారు, అప్పు చేసి చదివించారు. ఫ్రెండ్స్ అంతా బెంగళూరు, హైదరాబాద్‌లో సెటిల్ అయిపోయారు, వాళ్ల స్టేటస్‌లు చూడలేక మ్యూట్‌లో పెట్టేశాను. పెద్దమ్మ కూతురి పెళ్లికి కూడా కడుపునొప్పి అని చెప్పి మానేశాను, వెళ్తే అందరూ ఏం చేస్తున్నావమ్మా అని అడుగుతారు కదా. ఇంట్లో ఇక సంబంధాలు చూద్దామా అంటున్నారు. ముందు కాన్ఫిడెన్స్ తెచ్చుకుని ఆ తర్వాత ఇంటర్వ్యూలకి వెళ్దామని రోజూ మోటివేషన్ వీడియోలు చూస్తున్నాను, చూసినంతసేపే బాగుంటుంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు మీ నాన్నగారి దగ్గరికెళ్లి ఒక్కమాట అడుగు తల్లీ, మొదటిసారి కొబ్బరిచెట్టు ఎక్కినప్పుడు భయం పోయాక ఎక్కావా, ఎక్కుతూ ఉంటే పోయిందా అని. ఆయనేం చెప్తారో నాకు తెలుసు, నీకూ తెలుసు. నువ్వు కాన్ఫిడెన్స్ వచ్చాక బయటికెళ్దామని కూర్చున్నావ్, అదేమో బయటికెళ్తేనే వస్తుంది, ఇదీ నీకొచ్చిన చిక్కు.

ఇది నా సొంత పైత్యం కాదు. ఆల్బర్ట్ బండూరా అనే సైకాలజిస్టు 1977లోనే ఒక పేపర్ రాశాడు, "ఈ పని నావల్ల అవుతుంది" అనే నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో అందులో నాలుగు చెప్పాడు. మనం స్వయంగా చేసి నెగ్గడం, మనలాంటి మనిషి చేస్తుంటే చూడటం, నువ్వు చెయ్యగలవని ఎవరో ఒకరు చెప్పడం, ఆ టైమ్‌కి ఒంట్లో కంగారు దడ లేకుండా ఉండటం. వీటిలో అన్నిటికన్నా గట్టిది మొదటిదేనట. ఎవరో చెప్తే వచ్చే నమ్మకం మట్టుకు చాలా బలహీనం, ఒక్క రిజెక్షన్ మెయిల్ వస్తే అయిపోయింది. నీ మోటివేషన్ వీడియోలు ఏ కోవలోకొస్తాయో నువ్వే చూసుకో. అవి పూర్తిగా మానెయ్యమనను కానీ అన్నం తినేటప్పుడు చూసుకో, పని చేసే టైమ్‌లో వద్దు.

రెండోదాన్లో కూడా నువ్వు పప్పులో కాలేశావ్. మనలాంటి వాళ్లు చెయ్యడం చూడాలంటే చేస్తున్నప్పుడు చూడాలి. స్టేటస్‌లో కనిపించేది శనివారం కాఫీ షాపు, అంతకుముందు ఆ పిల్ల ఎన్ని ఇంటర్వ్యూల్లో నోరు పెగల్లేక కూర్చుందో ఎవరూ పెట్టరు. అందుకని మ్యూట్ చేసినవాళ్లలో ఒక్కళ్లని తియ్, అందరూ వద్దు, కాస్త దగ్గరైన పిల్లని ఒక్కదాన్నే, ఫోన్ చేసి నీకు ఎన్ని చోట్ల పోయిందే, ఏం అడిగారే అని అడుగు. అలాగే వారానికో అరగంట నన్ను ఇంటర్వ్యూ చెయ్యవే అని కూడా అడుగు, ఇంగ్లీషులో. ఫ్రెండ్ ముందు తడబడితే పోయేదేం లేదు.

ఫైనల్ రౌండ్ దాకా వెళ్లానని ఎంత తేలిగ్గా రాసేశావో, ఆ ముందు రౌండ్లన్నీ నీ బదులు ఎవరో దాటలేదుగా. ఆ రోజు ఏ ప్రశ్నలకి ఆగిపోయావో గుర్తున్నంత వరకూ కాగితం మీద రాయి, డిజిటల్ ఎలక్ట్రానిక్స్ అయితే అదే, సీ ప్రోగ్రామింగ్ అయితే అదే, అక్కడే మొదలెట్టు. ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ పాఠాల సైటు ఎన్‌పీటీఈఎల్‌లో కోర్సులు ఫ్రీగా చూడొచ్చు, సర్టిఫికెట్ కావాలంటే 1000 రూపాయలు కట్టి సెంటర్‌కెళ్లి పరీక్ష రాయాలి. నన్నడిగితే ఆ వెయ్యి కట్టు, సర్టిఫికెట్ కోసమని కాదు, ఒక తేదీ పెట్టుకుని ఊరు దాటి వెళ్లి పరీక్ష రాసి వస్తావు చూడు, ఇందాక చెప్పిన మొదటి రకం నమ్మకం అలాంటి వాటితోనే వస్తుంది. ఒకేసారి నాలుగు కోర్సులు మాత్రం మొదలెట్టకు.

ఇంకోటి, మనసులో ఉన్నది రాయి. డైరీ అంటే నవ్వుతావేమో కానీ 1994లో అమెరికాలో ఒక స్టడీ వచ్చింది, ఉద్యోగం పోయిన ఇంజనీర్లు వాళ్లంతా, నడివయసు వాళ్లు. కొందరిని వరసగా ఐదు రోజులు రోజుకి ఇరవై నిమిషాల చొప్పున, ఉద్యోగం పోవడం గురించి మనసులో ఏముంటే అది రాయమన్నారు, కోపం, అవమానం, అన్నీ. ఆ రాసినవాళ్లకి మిగతావాళ్లకంటే తొందరగా కొత్త ఉద్యోగాలు వచ్చాయి, అలాగని వాళ్లేం ఎక్కువ ఇంటర్వ్యూలకి వెళ్లలేదు. లోపలి మంట కాస్త చల్లారి ఇంటర్వ్యూలో మామూలుగా మాట్లాడగలిగి ఉంటారని ఆ స్టడీ చేసినవాళ్ల ఆలోచన. రాసినవి ఎవరికీ చూపించక్కర్లా, చించి పొయ్యిలో పడేసినా పర్లేదు.

ఇక ఆ పెళ్లి సంగతికొస్తాను, నాకు నీ ఉత్తరంలో అన్నిటికన్నా బాధేసింది అక్కడే. మార్క్ గ్రానొవెటర్ అని ఒక సోషియాలజిస్టు, అమెరికాలోనే, మనుషులకి ఉద్యోగాలు ఎవరి ద్వారా తెలిశాయని ఆరా తీశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో సుమారు ఆరుగురిలో ఒక్కరికే అది తరచూ కలిసే మనిషి నుంచి వచ్చింది, మిగతా అందరికీ ఎప్పుడో ఒకసారి కలిసేవాళ్ల నుంచే. 1973లో వచ్చిన ఆ పేపర్ని ఇప్పటికీ పాఠాల్లో చెప్తారు. కారణం కూడా మామూలుదే, నీకు తెలిసిందే నీ దగ్గరి ఫ్రెండ్‌కీ తెలుస్తుంది, ఎక్కడో విశాఖలో ఉండే పెదనాన్నగారి తోడల్లుడి కొడుక్కి తెలిసింది నీకు తెలీదు. అలాంటివాళ్లంతా ఒక్కచోట దొరికేది ఎక్కడమ్మా మనకి? పెళ్లి భోజనాల దగ్గరే కదా. నువ్వేమో కడుపునొప్పి అన్నావ్.

అడుగుతారు, నిజమే, అడక్కుండా ఎవరూరుకుంటారు, మన గోదావరి జిల్లాల్లో ప్రశ్నతో పాటు వెటకారం ఉచితంగా వస్తుంది. "ఏమ్మా, ఇంజనీరువి, మా ఇంట్లో ఫ్యాను తిరగట్లేదు చూస్తావా" అనే బాబాయి ప్రతి ఇంట్లో ఉంటాడు, నవ్వేసి ఊరుకో. మిగతావాళ్లకి మాత్రం ఒక్క వాక్యం రెడీగా పెట్టుకుని వెళ్లు. "ఇంకా ఏం రాలేదండి" అని తల దించుకునే బదులు "ఈసీఈ అయ్యిందండి, చిప్ టెస్టింగ్ వైపు ట్రై చేస్తున్నాను, ఆ ఫీల్డులో మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి మాట్లాడించండి మావయ్యగారూ" అను. అబద్ధం ఒక్క ముక్క లేదు ఇందులో, ఇప్పుడు జవాబు చెప్పాల్సింది ఆయన. పదిమందిలో తొమ్మిదిమంది అలాగేలేమ్మా అని మర్చిపోతారు, పోనీ.

అప్రెంటిస్‌షిప్ గురించి ఆలోచించావా? కేంద్ర విద్యాశాఖ వాళ్ల నాట్స్ పోర్టల్లో డిగ్రీ, బీటెక్ అయినవాళ్లు రిజిస్టర్ చేసుకోవచ్చు, ఒక ఏడాది ట్రైనింగు, గ్రాడ్యుయేట్‌కి 2019 రూల్స్‌లో నెలకి కనీసం 9000 స్టైపెండ్ పెట్టారు, ఇప్పుడెంతో పోర్టల్లో చూసుకో. ఓఎన్‌జీసీ లాంటి సంస్థలు అప్రెంటిస్‌లకి నోటిఫికేషన్లు వేస్తుంటాయి, వాళ్ల యూనిట్ ఒకటి మన రాజమండ్రిలోనే ఉంది. అయ్యాక పర్మనెంట్ చేస్తారని ఎవరైనా చెప్తే నమ్మకు, ఆ గ్యారంటీ లేదు, కానీ రెజ్యూమెలో ఖాళీ ఉండదు, రోజూ పొద్దున్నే లేచి వెళ్లే చోటొకటి ఉంటుంది. అన్నట్టు, బ్యాక్‌డోర్‌లో ఇప్పిస్తాం రెండు లక్షలు కట్టండి అని ఫోన్లు వస్తాయి, అప్పులున్న ఇళ్లకే ఎక్కువొస్తాయి, పైసా కట్టొద్దు. ఆల్రెడీ కట్టేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి.

సంబంధాల విషయం నాన్నగారితో తేల్చి మాట్లాడు, "నాకు వచ్చే సంక్రాంతి దాకా టైమివ్వండి, ఈలోగా ఇదిగో ఇవి చేస్తాను" అని ఇందాక రాసుకున్న కాగితం చూపించి. ఉత్తినే వద్దు వద్దు అంటే వాళ్లకి మొండితనంలా కనిపిస్తుంది.

ప్రశ్న: అక్కా నమస్తే, మాది పాలకొల్లు సైడు. బీకాం అయ్యింది, బ్యాంక్ ఎగ్జామ్స్ రెండుసార్లు పోయాయి. నాన్నకి రొయ్యల చెరువులు ఉన్నాయి, గట్టు మీద ఉండి చూసుకోమంటున్నారు. డిగ్రీ చదివి లుంగీ కట్టుకుని మేత చల్లుతుంటే కాలేజీ ఫ్రెండ్స్ చూస్తారేమో అని సిగ్గుగా ఉంది. పాజిటివ్‌గా ఎలా ఉండాలి?

జవాబు: సిగ్గు దేనికయ్యా, ఆ చెరువుల మీదేగా ఫీజులు కట్టింది. సరే, తిట్టను.

తమ్ముడూ, నువ్వు బీకాం చదివి మీ నాన్న చేసే పనే చేస్తే బోరు కొడుతుంది, సిగ్గూ వేస్తుంది. నాన్న చెయ్యనిది చెయ్యి. మీ ఇంట్లో గత పంటకి కిలో రొయ్య తియ్యడానికి ఎన్ని కిలోల మేత పడిందో, మేత షాపు అరువు మీద వడ్డీ ఎంత పడిందో, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్ల కరెంటు బిల్లు, డీజిల్ ఎంతో, విడివిడిగా లెక్క ఉందా? చాలా ఇళ్లలో ఉండదు, పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మడం, అయ్యాక చేతిలో మిగిలింది లాభం, మిగలకపోతే నష్టం, అంతే లెక్క. ఒక పంటకి పుస్తకం నువ్వు రాయి. చెరువు నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది కాబట్టి ఆ టైమ్‌కి ఏరియేటర్ ఆగిందో లేదో చూడటం ఎంత ముఖ్యమో, ఏ కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) దగ్గర పట్టుబడి చేస్తే మిగులుతుందో కాగితం మీద చూడటం కూడా అంతే ముఖ్యం. వనామీ రకం రొయ్య సాగుకి మన దేశంలో 2009లో అనుమతి వచ్చినప్పటి నుంచీ ఈ పక్కన ఊళ్లకి ఊళ్లే మారిపోయాయి, లాభపడ్డవాళ్లూ మునిగినవాళ్లూ పక్కపక్క గట్ల మీదే ఉన్నారు, పైగా అమెరికా సుంకం పెంచితే ఇక్కడ రేటు పడిపోతుంది. నీ కామర్స్ అక్కర్లేని చోటు కాదది.

బ్యాంక్ పరీక్షలు వదిలెయ్యమని కూడా నేననను, ఐబీపీఎస్ క్లర్కుకి జనరల్‌లో 28 ఏళ్ల దాకా, పీవోకి, అంటే ఆఫీసరు పోస్టుకి, 30 దాకా టైముంది. ఒక పంటకాలం గట్టు మీద లెక్కలు చూస్తూ పొద్దున్న రెండు గంటలు చదువుకో, అప్పుడు నీకే తెలుస్తుంది ఏది నిజంగా కావాలో. ఫ్రెండ్స్ చూస్తే చూడనీ, సగంమందికి వాళ్ల ఉద్యోగం నచ్చట్లేదని నీకే చెప్తారు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది తణుకు దగ్గరండి. మా అబ్బాయికి డిగ్రీ అయ్యి ఏడాది దాటింది. రాత్రంతా ఫోను, పగలంతా నిద్ర. ఏమన్నా అంటే తలుపేసుకుంటాడు. వాళ్ల నాన్నగారికి కోపం ఎక్కువండి. ఎలా దారిలో పెట్టాలండి?

జవాబు: అమ్మా, ముందుగా మీవారికి చెప్పండి, కంచం ముందు ఉద్యోగం మాట ఎత్తొద్దని. ఆ ఒక్క పూట ప్రశాంతంగా తిని లేస్తే అబ్బాయి గదిలోంచి బయటికి రావడానికి ఒక కారణం ఉంటుంది. చదువు గురించి కాకుండా ఇంటి పని ఏదైనా పొద్దున్నే చెయ్యాల్సింది అప్పగించండి, పాల కేంద్రానికి వెళ్లడమో, నాన్నమ్మని ఆసుపత్రికి తీసుకెళ్లడమో, చేసొచ్చాక అతిగా మెచ్చుకోకండి, మామూలుగా ఉండండి. పొద్దున లేవడం మొదలైతే రాత్రి ఫోను దానంతటదే తగ్గుతుంది.

అయితే ఒకటి గమనించండి. తిండి మానేయడం, స్నేహితులతో కూడా మాట్లాడకపోవడం, ఎప్పుడూ ఇష్టంగా చేసే పని వదిలెయ్యడం, నేనెందుకు బతికి అనే మాటలు, ఇవి ఉంటే అది బద్ధకం కాదమ్మా, తిట్టి లాభం లేదు, డాక్టరుకి చూపించాలి. 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో పెట్టింది, ఇరవై నాలుగ్గంటలూ ఉంటుంది, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అబ్బాయి చెయ్యనంటే మీరే చేసి ఎలా మాట్లాడాలో అడగొచ్చు, ఇంట్లోవాళ్లు చేసినా మాట్లాడతారు.