లెగో సరదా ఎక్కడ పిచ్చి అవుతుంది: రెండుసార్లు తాజ్ మహల్ చూసిన నా అనుభవం

ప్రశ్న: "మా ఆయనకి 38 ఏళ్లు. గెస్ట్ రూమ్‌లో మంచం మీదా, మంచం కిందా లెగో డబ్బాలే, అదే, ఒకదానికొకటి అతికించి కట్టే ప్లాస్టిక్ బ్రిక్కుల బొమ్మలు. సగం విప్పనే లేదు. అడిగితే 'ఇది కలెక్షన్, నీకు తెలీదులే' అంటారు. ఇది సరదానా, పిచ్చా? గీత ఎక్కడ గీయాలి?"

మీ ఆయన ఉన్న చోటే నేనూ కొన్నేళ్లు ఉన్నానండీ. అందుకని కొంత ఆయన తరఫున, కొంత మా ఆవిడ తరఫున చెప్తాను.

ముందు డబ్బాలు లెక్కపెట్టి తేల్చకండి. డాలస్‌లో మాకు తెలిసిన ఒకాయన గరాజ్‌లో మూడొందల పైన సెట్లుండేవి. శనివారం వస్తే చుట్టుపక్కల పిల్లలంతా చేరి ఆయన కట్టిన ఊరిని పీకేసి, మళ్లీ కట్టేవాళ్లు. ఆయనకి ఏ పిచ్చీ లేదు. అప్పటికి నా దగ్గర నలభై లోపే. పిచ్చి నాదే.

మా చిన్నప్పుడు తెనాలిలో మెకానిక్స్ సెట్టు (రేకు పట్టీలు, నట్లు బిగించి బొమ్మలు కట్టేది) ఉన్న ఇల్లంటేనే గొప్ప. లెగోని మొదటిసారి ముట్టుకున్నది ఉద్యోగం వచ్చి అమెరికా వెళ్లాకే. నన్ను పట్టేసింది దాని అతుకు. ఇప్పటి బ్రిక్ పేటెంట్ 1958 నాటిది. ఆనాటి బ్రిక్ తెచ్చి ఈరోజు కొన్నదాని మీద నొక్కితే టక్కున కూర్చుంటుంది. ఎనిమిదేసి బుడిపెలున్న ఒకే రంగు బ్రిక్కులు ఆరు ఉంటే 91 కోట్లకు పైగా రకాలుగా కలపొచ్చని లెక్క కట్టారు. ఇంజనీరుకి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి. మీ ఆయన మొదలుపెట్టింది కూడా ఇలాగే అయ్యుంటుంది, అక్కడిదాకా తప్పేం లేదు.

నాకు తేడా కొట్టడం 2013లో మొదలైంది, కానీ నేను గమనించలేదు. లోపల ఏముందో కనిపించని కవర్లలో చిన్న బొమ్మలు అమ్మేవాళ్లు. ఆ ఏడాది వచ్చిన పదో సిరీస్‌లో మిస్టర్ గోల్డ్ అని బంగారు రంగు బొమ్మ ఒకటి, ప్రపంచం మొత్తానికి 5,000 మాత్రమే. పాలు తెమ్మని ఆవిడ పంపితే నేను షాపులో ఆ కవర్ల ముందు నిలబడి ఒక్కోటీ వేళ్లతో నొక్కుతున్నాను. టోపీ అంచు తగులుతుందా, చేతికర్ర తగులుతుందా అని. నలభై నిమిషాలు. కార్ట్‌లో పాల క్యాన్‌కి చెమటలు పట్టి కింద మడుగు కట్టింది. పక్కన ఒక ఆరేళ్ల పిల్లాడు నేను జరిగితే తనూ ఒక కవరు తీసుకుందామని చూస్తున్నాడు. నేను జరగలేదు. మిస్టర్ గోల్డ్ దొరకలేదు, అది వేరే సంగతి.

అసలు దెబ్బ తాజ్ మహల్. 2008లో వచ్చిన సెట్టు, 5,922 పీసులు. నేను కొనేలోపే తయారీ ఆగిపోయింది, దీన్నే మా భాషలో 'రిటైర్ అయింది' అంటాం. ఆ మాట వింటే చాలు నాకు టెన్షన్ మొదలయ్యేది. నచ్చినా నచ్చకపోయినా, రిటైర్ అయ్యేలోపు కొనాలి. చివరికి 2017 మొదట్లో సీలు విప్పని తాజ్ మహల్ ఒకటి దాదాపు రెండు వేల డాలర్లకి కొన్నాను. విప్పలేదు. విప్పితే రేటు పడిపోతుందిగా! క్లోజెట్‌లో, చీకట్లో, పైన దుప్పటి కప్పి పెట్టాను.

అదే ఏడాది నవంబర్‌లో లెగో వాళ్లు అదే తాజ్ మహల్‌ని మళ్లీ వదిలారు. 5,923 పీసులు, ఒక్కటి ఎక్కువ. ధర 370 డాలర్లు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. డబ్బు పోయిందన్న బాధ ఉంది, కాదనను. కానీ రెండు గంటలకి లేచి కూర్చున్నప్పుడు నన్ను తినేస్తున్నది వేరే. ఇక ఎవడు పడితే వాడు కొనేస్తాడు కదా, ఇదీ నా ఏడుపు. నాకు అంత ఇష్టమైన బొమ్మ అందరికీ దొరుకుతోందంటే సంబరపడాలి. నేనేమో నా ఇంట్లో ఎవరో దొంగతనం చేసినట్టు కూర్చున్నాను. అంటే నాకు కావలసింది తాజ్ మహల్ కాదు, ఇంకొకరి దగ్గర లేకపోవడం. గీత ఎక్కడ అని అడిగారు కదా, నా మటుకు గీత అదే. అది దాటి నేను చాలా దూరం వచ్చేశానని ఆ రాత్రి తెలిసింది.

'ఇది పెట్టుబడి' అని మీ ఆయన అనొచ్చు. నేనూ అన్నాను. మాస్కో హయ్యర్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వాళ్ల పరిశోధన ఒకటి ఉంది, 1987 నుంచి 2015 దాకా 2,322 సెట్ల ధరలు చూసి ఏడాదికి సగటున 11 శాతం లాభం అని తేల్చారు. మాలాంటి వాళ్లకి అది వేదవాక్కు. సగటు అన్న మాట మాత్రం ఎవరూ చదవరు. సగం ధరకి పడిపోయినవి కూడా ఆ లెక్కలోనే ఉన్నాయి.

2021లో హైదరాబాద్ వచ్చేశాం. సీలు డబ్బాలు చాలావరకు అక్కడే అమ్మేశాను, తాజ్ మాత్రం సామానుతో పాటు వచ్చింది. (ఇక్కడ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికీ, 2023లో 70కీ పెరిగింది. అందుకే అమెరికా నుంచి వచ్చే ప్రతి బావమరిదినీ 'ఒక సెట్టు పట్రా' అని పీడిస్తుంటారు ఇక్కడి జనం. ఆవకాయ అటు, లెగో ఇటు.) సంక్రాంతికి అమ్మ వచ్చి బొమ్మల కొలువు పెడుతోంది. ట్రంకు పెట్టెలోంచి పాత నూలు చీర ముక్కల్లో చుట్టిన కొండపల్లి బొమ్మలు ఒక్కోటీ విప్పుతోంది. దశావతారాల్లో వామనుడి గొడుగు ఎప్పుడో విరిగిపోయింది, అగ్గిపుల్లతో అతికించి ఉంటుంది. మా అమ్మమ్మ నాటి సెట్టు. అటక మీద నా డబ్బా చూసి "అదేంట్రా?" అంది. చెప్పాను. "బొమ్మని విప్పకుండా దాచుకోవడమేంట్రా, సుష్టుగా వండుకుని మూత తియ్యనట్టు" అంది.

ఆ రాత్రే కట్టర్ తెచ్చి టేపు కోశాను. మా అమ్మాయీ, నేనూ కలిసి మూడు రాత్రులు కట్టాం. అర మీటరు పైన వెడల్పు, కొలువు మెట్టు మీద పట్టలేదు. పక్కన పీట వేసి పెట్టాం. పేరంటానికి వచ్చిన వాళ్ల పిల్లలు ఒక మినార్ ఊడగొట్టారు. అమ్మాయి మళ్లీ పెట్టింది. తెల్ల పీసులు ఎండ తగిలితే పసుపెక్కుతాయి, కిటికీ దగ్గర పెట్టకండి అని మీ ఆయనకీ చెప్పండి.

ఇప్పటికీ కొంటున్నాను, ఏడాదికి రెండో మూడో. కొన్న నెలలో విప్పకపోతే ఎవరికైనా ఇచ్చేస్తాను. అప్పు చేసి కొంటున్నారా, బిల్లులు దాస్తున్నారా, ఒక్కటి తీస్తానన్నా ఒళ్లు తెలియకుండా కోపం వస్తోందా, ఇవి మాత్రం చూడండి. పోగుచేసి వదల్లేకపోవడాన్ని 2013 నుంచి అమెరికా మానసిక వైద్యుల పుస్తకంలో విడి జబ్బుగానే రాస్తున్నారు. అంతదాకా వస్తే భార్యాభర్తల వాదనతో తేలదు, సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాలి.

అలా లేదనుకుంటే, ఆదివారం మధ్యాహ్నం ఒక డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టి "ఇద్దరం కడదాం" అనండి. కట్టర్ కోసం లేచారంటే టీ పెట్టి పక్కన కూర్చోండి. "వద్దు, సీలు పోతే రేటు పోతుంది" అన్నారంటే ఒక కాగితం ఇచ్చి, కొన్నవి ఎన్నో, అమ్మి లాభపడ్డవి ఎన్నో పక్కపక్కన రాయమనండి. డాలస్‌లో ఉండగా మా ఆవిడ నాతో అలాగే రాయించింది. మొదటి గడిలో ముప్పై ఎనిమిది, రెండో గడిలో సున్నా.