అటక మీది పొట్లాలు

చిరంజీవికి,

నీ కథ అంది పన్నెండు రోజులైంది. పైకి ఆడపిల్లగానే పుట్టి పెరిగినా నెలసరి ఎప్పటికీ రాని ఒక పిల్ల, ఆ సంగతి ఆమెకీ లోకానికీ తెలియకుండా దాచిన తల్లి, వాళ్ళ కథ. మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపం వచ్చింది. రెండోసారి పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. మూడోసారి పదిహేడో పేజీ దగ్గర ఆగిపోయాను, ఆ రోజుకి ఇంక ముందుకు వెళ్ళలేకపోయాను.

ఆ పేజీలో ఉన్నది రెండు వాక్యాలే. సంక్రాంతికి ముందు ఇల్లు దులుపుతూ ఆ పిల్ల అటక ఎక్కుతుంది. ఇత్తడి గుండిగ వెనక, పాత చీరలో మూటగట్టి, విప్పని శానిటరీ ప్యాడ్ల పొట్లాలు కనిపిస్తాయి. నెలకొకటి చొప్పున నాలుగేళ్ళవి. వీధి చివర కొట్లో నలుగురూ చూస్తుండగా వాళ్ళమ్మ అడిగి కొని, నల్ల కవర్లో తెచ్చి, ఎవరూ చూడకుండా పైకెక్కించినవి. అంతే, నువ్వు అటక దిగిపోయావు. బీరువా తాళం వెతుక్కుంటూ ఆసుపత్రి ఫైలు కోసం పరుగెత్తావు.

ఎందుకు నాయనా అంత పరుగు? కథంతా ఆ అటక మీదే ఉంది కదా.

నలభై ఏళ్ళుగా నేను అందరికీ చెప్తున్న మాటే నీకూ చెప్తాను. ఇంట్లో రహస్యమనేది కథకి మలుపు కాదు, ఆ ఇంట్లో రోజూ చెయ్యాల్సిన పని. అంట్లు తోమినట్టు, నీళ్ళు పట్టినట్టు, ఎవరో ఒకరు పూనుకుని చెయ్యాలి. నెలనెలా కొట్టుకి వెళ్ళాలి. తేదీ తప్పకూడదు. కడుపునొప్పని బడికి చీటీ రాయాలి. పక్కింటావిడ "మీ అమ్మాయి పెద్దమనిషయిందిట, మాకు చెప్పనేలేదే" అని నిలదీస్తే, "మా పుట్టింట్లో చేసేశామండీ, మొక్కు ఉంది" అని నవ్వుతూ చెప్పగలగాలి. మరుసటేడు అదే మాట, అదే నవ్వుతో మళ్ళీ చెప్పాలి. ఇంత చాకిరీ చేస్తున్న మనిషిని నువ్వు తలుపు వెనక నిలబెట్టి ఏడిపించి ఊరుకున్నావు. నీ కథలో ఆవిడ ఎన్నిసార్లు ఏడ్చిందో లెక్కపెట్టాను. తొమ్మిది. ఒక్కసారి కూడా పనిచేస్తూ కనపడలేదు.

తప్పు నీది కాదు. మీకు కొసమెరుపు నేర్పించారు. వారపత్రికల వాళ్ళు మా తరాన్ని దానితోనే పాడుచేశారు. అసలు సంగతి చివరి పేరాలో చెప్పాలి, పాఠకుడు ఉలిక్కిపడాలి. ఇప్పుడు పోటీల వాళ్ళు అదే చేస్తున్నారు, దానికి తోడు ఒక సమస్య, ఒక ఉపన్యాసం కావాలంటున్నారు. ఒక బిడ్డ ఒంటిని ఆఖరి వాక్యం దాకా దాచి, అప్పుడు గుడ్డ తీసి చూపించడం కథ కాదు. ఆ పని నేను చేశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను.

మా అమ్మమ్మకి ఒక చెల్లెలు ఉండేది. చిన్నమ్మమ్మ అనేవాళ్ళం. కోనసీమలో మాది పెద్ద మండువా ఇల్లు. చిన్నమ్మమ్మ పొడగరి, ఒత్తయిన జుట్టు, చేతుల మీద నూగు కూడా లేని నున్నటి ఒళ్ళు. తొమ్మిదో ఏట పెళ్ళి చేశారు. పదహారు వచ్చినా సమర్తాడలేదు. అత్తవారి నుంచి కబుర్ల మీద కబుర్లు. చివరికి వాళ్ళమ్మ ఒకరోజు పొద్దున్నే వీధిలోకి వచ్చి, పిల్ల పెద్దమనిషయిందని చెప్పేసిందట. తాటాకు చాప వేశారు, చిమ్మిలి దంచి పంచారు, పేరంటాళ్ళు పాటలు పాడారు. రెండేళ్ళు కాపురానికి వెళ్ళి తిరిగొచ్చేసింది. గొడ్రాలన్నారు. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

అప్పటినుంచి చిన్నమ్మమ్మ ప్రతి నెలా మూడు రోజులు బయట కూర్చునేది. సావడి చివర మూల, ఈతచాప, విడిగా ఒక కంచు గ్లాసు. నాలుగో రోజు తలస్నానం. వాళ్ళమ్మ పంచాంగంలో ఆ రోజు పక్కన పసుపు చుక్క పెట్టేది. ఆవిడ పోయాక చుక్క చిన్నమ్మమ్మే పెట్టుకునేది. యాభయ్యో ఏడు వచ్చాక, అందరికీ ఆగినట్టే తనకీ ఆగిందని చెప్పి మానేసింది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, బయట ఉన్న ఆవిడకి మజ్జిగ పొయ్యమని పంపారు. గడప తట్టుకుని ఆవిడ ఒళ్ళో పడ్డాను. మైల అంటుకుందని, తలంట్లు తప్పవని, తిడతారని నేను బావురుమంటే, ఆవిడ నా చెవి దగ్గర నోరు పెట్టి, "ఏడవకే. నన్ను ముట్టుకుంటే ఏమీ కాదు, ఎవరికీ చెప్పకు" అంది. పాతికేళ్ళు వచ్చాక గాని నాకు ఆ మాట అర్థం కాలేదు.

1984లో అది కథగా రాశాను. మొదటి పేరాలోనే సంగతంతా చెప్పేసి, మిగతాదంతా ఆ మూడు రోజులు ఆవిడ ఎలా గడిపేదో రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు కార్డు రాశారు. విషయం బాగుంది, చివర్లో తెలిసేలా మార్చండి అని. మార్చాను. చివరి వాక్యంలో "ఆమె ఎన్నడూ ముట్టుకాలేదు" అని పెట్టాను. బహుమతి ఇచ్చారు. పత్రిక ఇంటికి వచ్చిన రోజున చిన్నమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివింది. చదివి, పత్రిక మడిచి, పప్పు డబ్బా కింద పెట్టింది. పోయేదాకా నా కథలు మళ్ళీ చదవలేదు. ఆ కథని నేను ఏ సంపుటిలోనూ వెయ్యలేదు.

చిన్నమ్మమ్మని ఏ డాక్టరూ చూడలేదు. నీ కథలో పిల్లని చూశారు కాబట్టి నీకు అంత వెసులుబాటు లేదు. ఆండ్రోజెన్ ఇన్‌సెన్సిటివిటీ అని పేరు పెట్టావు. క్రోమోజోములు మగవాళ్ళకుండే ఎక్స్‌వై, కడుపులో బీజాలు, అంటే వృషణాలు, గర్భసంచి ఉండదు, పురుష హార్మోను ఎంత తయారైనా ఒళ్ళు దాన్ని పట్టించుకోదు, బిడ్డ పైకి పూర్తిగా ఆడపిల్లే. నాలుగో ఏట రెండు గజ్జల్లోనూ హెర్నియా అని ఆపరేషన్ చేసి బీజాలు తీసేశారని రాశావు. అంతవరకు సరే, ఈ సంగతి చాలాసార్లు అలాగే బయటపడుతుంది. కానీ పదమూడో ఏట ఆ పిల్ల తనంతట తాను ఎదిగిందని రాశావే, అది కుదరదు. బీజాలు ఉండనిస్తే వాటి హార్మోనే ఒంట్లో స్త్రీ హార్మోను ఈస్ట్రోజెన్‌గా మారి ఛాతీ వస్తుంది. తీసేశాక బయటినుంచి మాత్రలు ఇవ్వాల్సిందే, ఇవ్వకపోతే ఎదుగుదలా ఉండదు, ఎముకలూ గుల్లబారతాయి.

మరి ఎవరిచ్చారు? ఏమని చెప్పి ఇచ్చారు? ఒక్కసారి చూడు. రాత్రి భోజనాలయ్యాక వంటింట్లో లైటు వేసుకుని, ఆ తల్లి మందుల రేకులోంచి మాత్రలు ఒక్కొక్కటీ ఒత్తి తీసి, పాత విటమిన్ సీసాలో పోస్తోంది. ఖాళీ రేకుల్ని మడిచి, కూరగాయల తొక్కల అడుగున చెత్తబుట్టలో దోపుతోంది. నెలకోసారి, అయిదేళ్ళపాటు. నువ్వు చేసిన వైద్యపు పొరపాటు నీ కథలో అన్నిటికన్నా పెద్ద సీన్‌ని మింగేసింది. వాస్తవం తెలుసుకోమని నేను సతాయించేది పాండిత్యం కోసం కాదు. శరీరం ఎలా పనిచేస్తుందో తెలిస్తే ఇంట్లో ఎవరు ఏ అబద్ధం ఆడాలో తెలుస్తుంది.

ఇంకోటి. అరపేజీలో వచ్చి కాఫీ ఇచ్చి వెళ్ళిపోయే పెద్దమ్మని పెట్టావు, పెళ్ళి కాలేదన్నావు. ఈ లక్షణానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. చాలా కుటుంబాల్లో తల్లి వైపు నుంచే దిగుతుంది. తెలిసి పెట్టావో తెలియక పెట్టావో గాని, ఆ పెద్దమ్మ ఊరికే కాఫీ ఇవ్వడానికి రాలేదు. ఆ పిల్ల మొహంలోకి ఆవిడ ఎలా చూస్తుందో రాయి.

ఇక నాకు కోపం తెప్పించిన సంగతి. "నేను మగా కాదు, ఆడా కాదు, నేనెవరు?" అని ఆ పిల్ల చేత పదకొండుసార్లు అనిపించావు. అలా అడిగేవాళ్ళు ఉంటారు, వాళ్ళ కథ వేరు. నీ పిల్ల మొదటి పేజీ నుంచీ తను ఆడపిల్లనే అనుకుంటోంది, ఫైలు చదివాక కూడా ఆ అనుకోవడం మారినట్టు నువ్వే ఎక్కడా చూపించలేదు. మారిందల్లా వాళ్ళమ్మ మీద నమ్మకం. ఆ పిల్ల అడగాల్సింది "నేనెవరు" అని కాదు, "మీకు ఎప్పటినుంచి తెలుసు" అని. నాన్నకి తెలుసా, మేనమామకి తెలుసా, నాకు జడ వేస్తున్నప్పుడల్లా నీకు తెలుసా అని. 2006లో దోహా ఆసియా క్రీడల్లో శాంతి సౌందరరాజన్ 800 మీటర్ల పరుగులో రజతం గెలిచింది. పుదుక్కోట్టై జిల్లా ఇటుకబట్టీ కూలీల కూతురు. లింగ పరీక్ష చేసి పతకం వెనక్కి తీసుకున్నారు. ఆమె ఒంటి సంగతి దేశమంతా టీవీల ముందు కూర్చుని మాట్లాడుకుంది. మన గురించి మనకన్నా ముందు ఇంకొకరికి తెలియడం ఎంత అవమానమో నువ్వు రాయాలి. వాళ్ళు కన్నతల్లీ తండ్రీ అయితే అది ఇంకెంత లోతుకి దిగుతుందో రాయాలి.

చివరి కలలో వచ్చిన అర్ధనారీశ్వరుణ్ణి తీసెయ్. బృహన్నలనీ శిఖండినీ కూడా తీసెయ్. అర్జునుడిది ఊర్వశి శాపం, విరాటుడి కొలువులో ఏడాదిపాటు అక్కరకొచ్చింది, గడువు తీరగానే జమ్మిచెట్టు మీంచి గాండీవం దించుకున్నాడు. ఈ పిల్లది శాపమూ కాదు, వేషమూ కాదు, గడువూ లేదు. దేవుడితో పోల్చేస్తే మనం గౌరవించేశామనుకుంటాం. ఆ పోలిక అయ్యాక ఆ మనిషితో ఇంక మాట్లాడక్కర్లేకుండా పోతుంది.

లాయరు బాబాయి ఉపన్యాసం రెండు పేజీలూ కొట్టేశాను. అందులో సంగతులు నిజమే. 2019 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు పసిపిల్లలకి ఇలాంటి ఆపరేషన్లు చెయ్యకూడదంది, ఆ ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం ప్రాణాపాయం ఉంటే తప్ప నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. కానీ నీ కథలో ఆపరేషన్ జరిగింది 2011లో, గుంటూరులో. ఆ డాక్టరుని అంత దుర్మార్గుణ్ణి చెయ్యకు. 1950ల్లో అమెరికాలో, బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి నుంచి మొదలై, పసితనంలోనే ఆడో మగో ఒక వైపుకి తేల్చెయ్యండి, బిడ్డకి చెప్పకండి అన్న పద్ధతి దశాబ్దాల పాటు వైద్యంలో చెల్లింది. ఆయన నేర్చుకున్న పాఠం అది. ఆయన ఆ తల్లిని పక్కకి పిలిచి, గొంతు తగ్గించి, "పాపకి చెప్పకండమ్మా, తట్టుకోలేదు" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. అదే భయంకరం.

ఏ మాట వాడాలని అడిగావు. ఆ పిల్ల పెద్దయ్యి తన గురించి తాను చెప్పుకునేటప్పుడు ఇంటర్‌సెక్స్ అననీ, ఆడా మగా అన్న మామూలు లెక్కకి పూర్తిగా ఒదగని ఒంటితో పుట్టినవాళ్ళకి ఆ మాట. నపుంసక, కొజ్జా లాంటివి వీధిలో ఎవరో అంటే తప్ప నీ కలం అనకూడదు. ఇంట్లో మాత్రం ఏ మాటా ఉండదు. "ఆ సంగతి" అంటారు. "దానికి ఆ సంగతి ఉంది కదా, పెళ్ళి మాట ఎత్తకండి" అంటారు. మా ఇంట్లోనూ అంతే.

నవలగా పెంచాలా, ఎవరికి పంపాలి అన్నవి తర్వాత చూద్దాం. ముందు మాత్రల సీన్ రాసి పంపు, అది ఒక్కటే చాలు.

మగపిల్లాడివి, ఆ అటక మీది మూట సంగతి నీకెలా తెలిసిందో నేను అడగను. మారుపేరు పెట్టుకోవచ్చా అన్న నీ ప్రశ్న చూసి మాత్రం ఒకటి అనిపించింది. ఊరి పేరు మార్చు, వీధి మార్చు, గుండిగ కూడా మార్చు. అచ్చుకి ఇచ్చే ముందు, ఆ అటక ఎక్కిన అమ్మాయి ఎవరైనా ఉంటే, దగ్గర కూర్చోబెట్టుకుని మొత్తం చదివి వినిపించు. నేను చిన్నమ్మమ్మకి వినిపించలేదు. ఆ అమ్మాయి వద్దంటే నాకు ఒక్క కార్డు ముక్క రాయి, నా దగ్గరున్న ఈ ప్రతి నీకు తిప్పి పంపేస్తాను.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసున్న ఒక రచయిత్రి