కుందేళ్ల దగ్గర ఆగు

తమ్ముడూ,

పార్కిన్సన్స్ (చేతులు వణికే ఆ మెదడు జబ్బు) మీద నువ్వు పంపిన వ్యాసం చదివా. మొదటి పేజీ మొత్తం కొట్టేయ్. "మానవ మెదడు ఓ మహాద్భుతం" అని మొదలుపెడితే కందుకూరు బస్సులో ఫోన్ చూసుకునేవాడు అక్కడే పైకి జరిపేస్తాడు, నేనైనా అంతే.

అసలు సరుకంతా మూడో పేజీలో ఉంది, దాన్నేమో ఒక్క వాక్యంలో తేల్చేశావు: "1957లో అర్విడ్ కార్ల్‌సన్ డోపమైన్ పాత్రను కనుగొన్నారు." డోపమైన్ అంటే మెదడు కణాలు ఒకదానికొకటి కబురంపుకునే రసాయనమని సరే, దాని పాత్ర ఎట్లా కనుగొన్నాడయ్యా? అది చెప్పు. స్వీడన్‌లో ఆయన కుందేళ్లకి రిసర్పిన్ అనే మందు ఇచ్చాడు (మన సర్పగంధి వేళ్లలో ఉండేదే), అవి చెవులు వేలాడేసి కదలకుండా పడిపోయాయి. ఒంట్లో డోపమైన్‌గా మారే ఎల్-డోపా అనే పదార్థం ఎక్కిస్తే కాసేపటికి లేచి తిరిగాయి. అప్పటిదాకా డోపమైన్ అంటే నారడ్రినలిన్ అనే ఇంకో రసాయనం తయారయ్యే దారిలో మధ్యలో వచ్చే పదార్థమేనని, దానికంటూ ఓ పని లేదని అనుకునేవాళ్లు. ఆ చెవులు లేవడం చదివేవాడికి కనపడిందా, ఒక కణం వదిలిన రసాయనాన్ని పక్క కణం అందుకుంటుందన్న నీ మాట ఇట్టే ఎక్కుతుంది. 2000లో నోబెల్ వచ్చిందన్నది చివర్లో అర లైను చాలు.

ఇంకోటి, నీ తొందర. కుందేలు లేవగానే జబ్బుకి ఎల్-డోపా మాత్ర వచ్చేసినట్టు రాశావు. మధ్యలో పదేళ్లున్నాయి. 1960లో వియన్నాలో హార్నికీవిచ్ అనే శాస్త్రవేత్త, ఈ జబ్బుతో చనిపోయినవాళ్ల మెదళ్లలో డోపమైన్ బాగా తగ్గిపోయిందని చూపించాడు. 1967లో కొట్జియాస్ అనే డాక్టరు ఎల్-డోపా డోసు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయి రోగుల్లో గట్టి ఫలితం రాబట్టాడు. డోపమైన్‌నే నేరుగా ఇవ్వొచ్చుగా అని మీ పెదనాన్న అడిగారన్నావే, ఆ ప్రశ్న వ్యాసంలోనే పెట్టు. అది రక్తంలోంచి మెదడులోకి పోలేదు, ఎల్-డోపా పోతుంది, పోయి అక్కడ డోపమైన్‌గా మారుతుంది.

చేలగట్ల మీద దొరికే దూలగొండి గింజల్లో ఎల్-డోపా ఉందన్నది నిజమే, మంచి విషయం పట్టావు. "ఇక మాత్రలెందుకు?" అన్న వాక్యం మాత్రం తీసెయ్. గింజల్లో ఎంత ఉందో ఒక లెక్కన ఉండదు. పైగా మాత్రలో కార్బిడోపా అనే ఇంకో మందు కూడా కలుపుతారు, ఎల్-డోపా మెదడు చేరకముందే ఖర్చయిపోకుండా చూసేది అదే. నీ వాక్యం నమ్మి ఒంగోల్లో ఏ పెద్దాయనో మందు మానేస్తే ఎవరు చూస్తారు?

మందు ప్రభావం దిగే వేళకి పెదనాన్న చేతిలో టీ గ్లాసు వణకడం గురించి రాసిన పేరా ఉంది చూడు, దాన్ని ముట్టుకోకు. అక్కడ విశేషణాలు కూడా లేవు.

మళ్లీ పంపేటప్పుడు పీడీఎఫ్ వద్దు, దిద్దడానికి చేతకాదు నాకు.

మీ అన్న