పంటి వ్యాసం రాస్తున్న అమ్మాయికి

విజయవాడ

అమ్మాయికి ఆశీస్సులు.

పన్ను తీయించుకున్నాక ఇంట్లో తీసుకోవాల్సిన జాగ్రత్తల మీద నువ్వు రాసింది చదివాను. విషయంలో పెద్ద తప్పుల్లేవు. కానీ ఎక్కడ చూసినా 'కూడదు'లే. ఉమ్మకూడదు, పుక్కిలించకూడదు, స్ట్రా వాడకూడదు, వేడివి తాగకూడదు. ఎందుకు కూడదో ఒక్కచోటా లేదు. క్లినిక్కులో చేతికిచ్చే అచ్చుకాగితం కూడా ఇలాగే ఉంటుంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడమే తప్ప చదివినవాళ్లు తక్కువ.

ముందు గుంటూరులో నీ పాఠకులెవరో తేల్చుకో. నా ఉద్దేశంలో పన్ను తీయించుకున్నాయన కాదు. ఆయన నోట్లో గాజ్ గుడ్డ పెట్టుకుని, పెదవి మొద్దుబారి, మాట రాక ఆటోలో ఓ మూల కూర్చుని ఉంటాడు. నీ వ్యాసం చదివేది ఆయన భార్యో, తల్లో, కూతురో. ఇంటికెళ్లాక ఏం వండాలో, ఏం పెట్టాలో, చుట్టుపక్కల వాళ్లిచ్చే సలహాల్లో ఏది వినాలో తేల్చుకోవాల్సింది ఆవిడే. ఆవిడ చేతికి కారణాలివ్వాలి. ఉత్త ఆజ్ఞలు పెట్టుకుని అత్తగారితో వాదించలేదు కదా!

అందుకని అన్నిటికంటే ముందు రక్తపు గడ్డ సంగతి రాయి. పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకట్టి, అడుగునున్న ఎముకనీ నరాల కొసల్నీ కప్పి ఉంచుతుంది. మోకాలు చెక్కుకుపోతే పైన కట్టే పెచ్చులాంటిదే, కాకపోతే ఎప్పుడూ తడిలో ఉంటుంది కాబట్టి మెత్తగా, తేలిగ్గా ఊడొచ్చేట్టు ఉంటుంది. అది ఊడితే డ్రై సాకెట్ అంటారు. తీసినరోజు బాగానే ఉన్నా రెండోరోజో మూడోరోజో చెవిదాకా లాగే పోటు, నోట్లో చెడువాసన మొదలవుతాయి. కింది దవడ పళ్లకి, అందులోనూ జ్ఞానదంతాలకి ఈ బెడద ఎక్కువ. పొగతాగే వాళ్లకి ఇంకా ఎక్కువ. ఉమ్మినా, స్ట్రాతో పీల్చినా, గట్టిగా పుక్కిలించినా ఆ గడ్డ కదిలిపోతుందని ఇక్కడే చెప్పేస్తే, నీ 'కూడదు'ల్లో సగం మళ్లీ రాయక్కర్లేదు.

స్ట్రా దగ్గర కూల్‌డ్రింకు అని రాశావు. మన ఊళ్లలో పేషెంటుని చూడ్డానికొచ్చేవాళ్లు తెచ్చేది కొబ్బరిబొండాం. బండాయన తల నరికి, చిల్లు పెట్టి, స్ట్రా గుచ్చి మరీ చేతికిస్తాడు. గ్లాసులో వంపుకుని తాగమని రాయి.

గాజ్ గుడ్డ గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టావు, అక్కడ మాత్రం నెమ్మదిగా నడవాలి. డాక్టరు అరగంటో ముప్పావుగంటో కొరికి పట్టుకోమంటాడు. మనవాళ్లు ఐదు నిమిషాలకోసారి తీసి, రక్తం ఆగిందా లేదా అని చూసి, మళ్లీ పెడతారు. తీసిన ప్రతిసారీ అప్పుడప్పుడే కడుతున్న గడ్డ కూడా లేచొస్తుంది. ఇంకా కారుతుంటే శుభ్రమైన గాజ్ మడిచి, కాస్త తడిపి, సరిగ్గా గుంట మీద పడేట్టు పెట్టి ఇంకో అరగంట కొరికి ఉండాలి. చాలాసార్లు గుడ్డ పక్కపళ్ల మధ్య ఉంటుంది, గుంట మీద ఒత్తిడే పడదు, ఆగలేదని కంగారు. ఉమ్ములో ఎరుపు కలిసి రావడం ఒకరోజు పాటు మామూలే. రెండు చుక్కలు నోటినిండా ఉన్న ఉమ్మిలో కలిస్తే చాలా రక్తం పోయినట్టు కనిపిస్తుంది. ఈ మాట తప్పకుండా రాయి, ఇంటిల్లిపాదికీ టెన్షన్ తగ్గుతుంది.

ఇక పథ్యం. నీ వ్యాసం ఇక్కడే గుంటూరు దాటి ఎటో వెళ్లిపోయింది. సూపులట, స్మూతీలట! గుంటూరు బ్రాడీపేటలో ఆ పూట ఆ వంటింట్లో ఏముంటుందో అది రాయవమ్మా. చల్లారిన పెరుగన్నం, కారం లేని మెత్తటి ముద్దపప్పు, పాలల్లో నానిన ఇడ్లీ, చల్లార్చిన రాగిజావ. అయితే ఇలా రాయగానే ఇంట్లో పెద్దావిడ అడ్డం పడుతుంది. పప్పు తింటే పుండు చీము పడుతుందనేది మన దగ్గర ఎప్పటినుంచో ఉన్న నమ్మకం. పప్పు మానిపించి, నెయ్యీ కారప్పొడీ కలిపి ముద్ద పెట్టడమే ఆవిడకి తెలిసిన పథ్యం. అంటే నోట్లో పచ్చిపుండు ఉన్నవాడికి మాన్పే పప్పు ఆపి, మండే కారం పెడుతున్నామన్నమాట. చీము పట్టేది క్రిముల వల్ల, పప్పు వల్ల కాదు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి, అవి పప్పులో, పెరుగులో, మెత్తగా ఉడికిన గుడ్డులో ఉన్నాయి. ఇదంతా రాయి, కానీ ఆ పెద్దావిడని వెక్కిరించకుండా రాయి. నవ్వావో, వ్యాసం పక్కన పడేస్తుంది.

గోంగూర, ఆవకాయ కొన్నాళ్లు వద్దని గుంటూరు వాళ్లకి చెప్పడం తేలికే, ఒప్పించడమే కష్టం. మంట ఒకటే కాదు, మిరపగింజలూ ఆవపిండీ గుంటలో ఇరుక్కుంటాయని, మొదటి 24 గంటలూ పుక్కిలించి కడుక్కునే వీలు కూడా ఉండదని చెప్పు. కాఫీ సంగతీ అంతే. వేడికి రక్తనాళాలు విప్పారి మళ్లీ కారొచ్చు, పైగా మొద్దు దిగని పెదవి కాలినా తెలియదు. పిల్లలైతే ఆ పెదవిని ఊరికే కొరుక్కుని పుండు చేసుకుంటారు.

24 గంటలు దాటాక ఉప్పునీళ్లు. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూను ఉప్పు, తిన్న ప్రతిసారీ. పుక్కిట పట్టి, తల అటూ ఇటూ వంచి, సింకులోకి వదిలెయ్యాలి, ఉమ్మకూడదు. మొదటిరోజు గుడ్డలో చుట్టిన ఐసు బుగ్గ మీద 15, 20 నిమిషాలు పెట్టి, అంతసేపూ తీసి ఉంచాలి. తల కింద ఇంకో దిండు వేసుకోవాలి. వాపు రెండోరోజు, మూడోరోజు ఎక్కువై తర్వాత తీస్తుందని ముందే చెప్పు, లేకపోతే పొద్దున్నే అద్దం చూసుకుని హడలిపోతారు.

పొగాకు అంటే నువ్వు సిగరెట్ ఒక్కటే అనుకున్నావు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా అన్నీ రాయి, కనీసం మూడురోజులు ముట్టకూడదని రాయి. గుంటలో పసుపు కూరడం, లవంగనూనె పొయ్యడం, పొగాకు పెట్టడం కూడా వద్దని అక్కడే చేర్చు. పైపన్ను తీయిస్తే చూపు పోతుందన్న భయానికి ఒక వాక్యం చాలు: కంటిచూపుకి పనిచేసే నరం వేరు, పంటికొచ్చే నరం వేరు.

మందుల పేర్లూ మోతాదులూ దండిగా దింపావు. కొట్టెయ్యి. డాక్టరు రాసింది, రాసిన లెక్కలో అంటే సరిపోతుంది. వాటి బదులు ఇవి పెట్టు. నొప్పికని సొంతంగా ఆస్పిరిన్ వేసుకుంటే రక్తం త్వరగా ఆగదు. గుండెజబ్బుకి రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు పన్ను తీయకముందే డాక్టరుకి చెప్పాలి, తమంతట తాము ఆపకూడదు. షుగరున్నవాళ్లు నొప్పికి తినడం మానేసి, మాత్రో ఇన్సులినో మాత్రం యథాప్రకారం తీసుకుంటే షుగర్ పడిపోయే ప్రమాదముంది, అదీ ముందే అడిగి తెలుసుకోవాలి. కిందటిసారి మిగిలిన యాంటీబయాటిక్ బిళ్లలు డబ్బాలోంచి తీసి మింగడం మన ఇళ్లలో మామూలు, అదీ వద్దని రాయి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్లాలనేది అట్టడుగున పెట్టావు. మొదటి పేరా కిందికి లాక్కురా. గట్టిగా కొరికి పట్టినా ఆగని రక్తం, జ్వరం, చీము, తగ్గాల్సింది పోయి పెరిగే నొప్పి, మర్నాటికీ దిగని మొద్దు ఉంటే క్లినిక్కుకి ఫోన్ చెయ్యాలి. వాపు మెడలోకో కంటివైపో పాకినా, మింగడానికో ఊపిరికో ఇబ్బందైనా తెల్లవారేదాకా ఆగకూడదు. ఆదివారం రాత్రి క్లినిక్కు మూసి ఉంటుంది కదా అని ఆగిపోతారు, గుంటూరు పెద్దాసుపత్రి క్యాజువాలిటీ తెరిచే ఉంటుందని రాయి.

తిరగరాశాక, నీకు తెలిసిన దంతవైద్యులెవరైనా ఉంటే ఒకసారి చూపించి, ఆ తర్వాతే నాకు పంపు. ముందుగా మాత్రం మీ నాయనమ్మగారికి చదివి వినిపించు. పప్పు దగ్గర ఆవిడ ఏమన్నారో ఉన్నదున్నట్టు నాకు రాయి.

ఆశీస్సులతో.