అమెరికా నుంచి కాఫీ మెషీన్ తెప్పించాలా? ముందు క్యాప్సూల్ సంగతి చూడండి

తమ్ముడు అమెరికా నుంచి వస్తున్నాడు, క్యాప్సూల్ (ఒక కప్పుకు సరిపడా కాఫీ పొడి నింపి మూసిన చిన్న డబ్బీ) వేస్తే కాఫీ తీసే మెషీన్ తెమ్మనాలా, ఇక్కడే కొనాలా అని ఒకరు అడిగారు. తేవద్దనే చెప్పండి. మాది హనుమకొండ, ఆ ముచ్చట మా ఇంట్లో తీరిపోయింది.

మా బావ డల్లాస్ నుంచి ఎంతో ప్రేమగా ఒకటి మోసుకొచ్చాడు. అక్కడ కరెంటు 120 వోల్టులు, మన దగ్గర 230. ఫోన్ ఛార్జర్‌లాగా పిన్ను మారిస్తే నడవదు. నీళ్లు కాచే మెషీన్ కదా, 1500 వాట్ల దాకా లాగుతుంది. దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ కొంటే వంటగట్టు సగం అదే ఆక్రమించింది. బావ తెచ్చిన 24 క్యాప్సూల్స్ నెలలో అయిపోయాయి. ఆ రకం ఆన్‌లైన్‌లో వెతికితే ఒక్కో క్యాప్సూల్ ధర చౌరస్తాలో నాలుగైదు చాయ్‌ల ఖరీదు! మెషీన్, ట్రాన్స్‌ఫార్మర్ రెండూ ఇప్పుడు అటక మీదున్నాయి.

బర్రెను కొనేముందు గడ్డి ఎక్కడ దొరుకుతుందో చూసుకుంటాం కదా, ఇదీ అంతే. రెండోసారి నేను నెస్ప్రెస్సో కంపెనీ ‘ఒరిజినల్’ రకం మెషీన్ తీసుకున్నాను. ఆ క్యాప్సూల్ డిజైన్ మీది పేటెంట్లు పదేళ్ల కిందటే ముగిశాయి కాబట్టి వేరే కంపెనీలు, మన దేశంలోవి కూడా, దానికి సరిపోయేవి చేస్తున్నాయి. ఒకడు ధర పెంచితే ఇంకొకడి దగ్గర కొనుక్కోవచ్చు. డబ్బా మీద ఉత్త ‘నెస్ప్రెస్సో’ చూసి మోసపోకండి. అదే కంపెనీ ‘వెర్టువో’ రకం మెషీన్ వేరు. అది క్యాప్సూల్ అంచు మీది బార్‌కోడ్ చదివి, దాన్ని గిర్రున తిప్పి కాఫీ తీస్తుంది. ఒరిజినల్‌ది అందులో పట్టదు, దానిది ఇందులో పట్టదు. డోల్చే గుస్టో అనే ఇంకో బ్రాండ్ క్యాప్సూల్‌ది మరో సైజు.

సరిపోతుందని రాసి ఉన్నవన్నీ సరిగ్గా సరిపోవు. చవగ్గా వస్తున్నాయని ఒకసారి ప్లాస్టిక్‌వి వంద తెప్పించాను. లీవర్ నొక్కితే అంచు వంగి, కాఫీ సగం కప్పులో, సగం కింది ట్రేలో. అల్యూమినియంవి ఇప్పటిదాకా ఇబ్బంది పెట్టలేదు. ఏదైనా ముందు పది కొని చూడండి. మళ్లీ మళ్లీ వాడుకునే స్టీలు క్యాప్సూల్లో మన ఫిల్టర్ కాఫీ పొడి నింపుకోవచ్చు కానీ చికోరీ కలిసింది వద్దు. నేను వేస్తే జిగటగా అడ్డంపడి బొట్టు బొట్టుగా దిగింది.

ఒక క్యాప్సూల్లో పొడి ఐదారు గ్రాములే, వచ్చేది 40 మిల్లీలీటర్ల డికాక్షన్. పెద్ద గ్లాసు నిండా పాలు పోస్తే కాఫీ వాసన కూడా ఉండదు. వంద మిల్లీలీటర్ల వేడి పాలు చాలు. ట్యాంకులో మాత్రం బోరు నీళ్లు పోయకండి. మా మెషీన్ ఆరు నెలలకే సున్నం పట్టి మొరాయించింది, అప్పటినుంచి ఫిల్టర్ నీళ్లే పోస్తున్నాం.