రాయి ఒకటే, లెక్కలు రెండు

ప్రశ్న: నరసన్నపేట దగ్గర మా పొలాన్ని ఇద్దరు ప్రైవేటు సర్వేయర్లు జీపీఎస్ యంత్రంతో కొలిచారు. ఒకే మూలరాయికి ఒకరు ఈస్టింగ్ (తూర్పు వైపు స్థానం చెప్పే అంకె, మీటర్లలో) 8 లక్షల 22 వేల చిల్లర అని, మరొకరు లక్షా 88 వేల చిల్లర అని రాశారు. రెండు పటాలూ ఒకదాని మీద ఒకటి పెడితే కాస్త పక్కకు తిరిగి ఉన్నాయి. ఎవరిని నమ్మాలి?
– ఒక రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అయ్యా, మీ రాయి ఎక్కడికీ కదలలేదు. ఇద్దరూ వాడింది యూటీఎం పద్ధతే, అంటే భూమిని జోన్లనే నిలువు పట్టీలుగా విడదీసి స్థానాన్ని మీటర్లలో చెప్పే పద్ధతి. జోన్లు మాత్రం వేరు. ఒక్కో జోను వెడల్పు 6 డిగ్రీలు. 84 డిగ్రీల రేఖాంశం దగ్గర 44వ జోను ముగిసి 45వది మొదలవుతుంది. ఆ రేఖ శ్రీకాకుళం పట్టణానికీ నరసన్నపేటకూ మధ్యగా పోతుంది. మీది 45. మొదటాయన పట్టణానికి వాడే 44నే కొనసాగించి ఉంటారు. ప్రతి జోనుకూ నడిమి రేఖాంశం దగ్గర ఈస్టింగ్ 5 లక్షల మీటర్లు. కనుక ఒక లెక్కలో మీరు తూర్పు కొసన, ఇంకో లెక్కలో పడమటి కొసన ఉన్నారు. సరిగ్గా 84 రేఖ మీది రాయికైతే రెండు ఈస్టింగులూ కలిపి 10 లక్షలు! పటంలోని ఉత్తర దిక్కు కూడా రెండు జోన్లలో చెరోవైపు వాలుతుంది. మీ దగ్గర ఆ తేడా దాదాపు 2 డిగ్రీలు. పటాలు తిరిగి కనిపించడం అందువల్లే.

నాకు దిగులంతా విస్తీర్ణం గురించి. జోను అంచున ఈ అంకెలతో నేరుగా లెక్క కడితే ఎకరాకు సుమారు 8 చదరపు గజాలు ఎక్కువ చూపుతుంది. జోను నడుమ ఉన్న ఏలూరు దగ్గర సుమారు 4 గజాలు తగ్గుతుంది. వరి చేలో సరే, ఇళ్ల స్థలాల్లో తగాదాకు అది చాలదా?

ఆదోని, అనంతపురం 43లో, టెక్కలి, ఇచ్ఛాపురం 45లో పడతాయి. మీ శ్రీకాకుళం జిల్లా ఒక్కటే రెండు ముక్కలవుతోంది. అమెరికాలో 1930లలోనే రాష్ట్రాలకు సొంత జోన్లు ఏర్పరిచారు. టెక్సస్‌లో 5 ఉన్నాయి, ఏ కౌంటీనీ (మన జిల్లా లాంటిది) చీల్చలేదు. మనకూ జిల్లా హద్దుల వెంట గీసిన జోన్లు ఉండి తీరాలి.

ముందుగా రెండు కాగితాల మీదా జోను సంఖ్య, డేటం (లెక్కకు ఆధారంగా తీసుకున్న భూమి నమూనా) పేరు రాయించుకోండి. ఒక గట్టు పొడవు టేపుతో కొలిపించి ఎఫ్ఎంబీలోని (సర్వే శాఖ వారి పొలం కొలతల పుస్తకంలోని) కొలతతో సరిచూడండి. అందులో కొలతలు లింకుల్లో (పాత సర్వే గొలుసు కొలత) ఉంటే 100 లింకులు 66 అడుగులు.