స్టాఫ్ పని చెయ్యట్లేదంటున్న మా అమ్మలూకి

అమ్మలూ,

రాజాం వైపు తహసీల్దారుగా చేరినందుకు సంతోషం. కానీ ఫోన్లో "పెదనాన్నా, ఇక్కడ ఎవరూ పని చెయ్యరు" అన్నావు చూడు, ఆ మాట కొన్నాళ్లు పక్కన పెట్టు.

ముందు ఒక్కో సీటు పర్సనల్ రిజిస్టరు, అంటే ఆ గుమస్తాకి వచ్చిన కాగితాలు రాసుకునే పుస్తకం, తెప్పించుకుని నువ్వే చూడు, ఎవరి దగ్గర తేలాల్సిన కాగితాలు (కరెంట్లు) ఎన్ని ఉన్నాయి, ఏది ఎక్కడ ఆగింది అని. మన ఆఫీసుల్లో మామూలుగా జరిగేది ఏంటంటే, ఒక జూనియర్ అసిస్టెంట్ దగ్గర మ్యుటేషన్లు (భూమి రికార్డులో పేరు మార్పులు), సోమవారం గ్రీవెన్సు అర్జీలు, కోర్టు కేసుల్లో వెయ్యాల్సిన జవాబులు అన్నీ పేరుకుపోయి ఉంటాయి, పక్క సీటాయన దగ్గర ఎప్పుడో పంపే స్టేట్‌మెంట్లు తప్ప ఏమీ ఉండవు. కారణం పెద్దదేం కాదు, ఆ కుర్రాడు అడిగితే కాదనడు. జీతం మాత్రం ఇద్దరికీ ఒకే రోజు పడుతుంది. ఇదంతా చూస్తున్న మూడోవాడు ఎవరి దారి పడతాడో నువ్వే చెప్పు. అందుకే చార్జ్‌షీట్ కంటే ముందు పని పంపకం సరిచెయ్యి.

జీతం గురించి అంటావా, కరువు భత్యం (డీఏ) బకాయిలు, జీతాలు సవరించే పీఆర్సీ, 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరినవాళ్లకి పాత పెన్షన్ బదులు వచ్చిన సీపీఎస్, వీటి మీద వాళ్ల కోపం న్యాయమైనదే, కానీ నీ చేతిలో లేదు. హెర్జ్‌బర్గ్ అనే అమెరికా సైకాలజిస్టు 1959లోనే చెప్పాడు, జీతం, వసతులు బాగోకపోతే మనిషి విసిగిపోతాడు గానీ అవి బాగున్నంత మాత్రాన హుషారుగా పనిచెయ్యడని, హుషారు పనిలోంచి, గుర్తింపులోంచి వస్తుందని. పూర్తిగా ఒప్పుకోను గానీ తిత్లీ తుపాను అప్పుడు కొంత నిజమే అనిపించింది. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలన్నీ పడగొట్టేసింది కదా, నష్టం రాయడానికి వెళ్లిన మా వాళ్లలో టీకని వెళ్తే గంటన్నరకి గానీ రాని ఒకాయన కూడా ఉన్నాడు. చీకటి పడ్డాక కూడా సెల్‌ఫోన్ లైటు వేసుకుని పడిపోయిన చెట్లు లెక్కపెట్టి రాసుకున్నాడు! ఎవరికి ఏ ఊరో, సాయంత్రానికి ఏం ఇవ్వాలో ముందే తేల్చి చెప్పాం, పైగా రైతు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. టేబుల్ మీద ఫైలుకి ఆ రెండూ ఉండవు.

ఇంకోటి, ఫైలు మీద కొర్రీలు (సందేహాలు, అభ్యంతరాలు) వేస్తే అన్నీ ఒకేసారి వెయ్యి. ఇవాళ ఒకటి, వారం పోయాక ఇంకోటి వేసి ఫైలు తిప్పి పంపితే ఎవడికైనా చిరాకే, రైతు మాత్రం మళ్లీ మళ్లీ బస్సెక్కి రావాలి. వాట్సాప్ గ్రూపులో అందరి ముందూ తిట్టకు, నీ గదిలోకి పిలిచి గట్టిగానే అడుగు. సచివాలయం సర్వేయర్లు, వీఆర్వోల మీద విసుక్కునే ముందు ఆ రోజు వాళ్లని ఇంకెవరెవరు ఏ పనికి పంపారో కనుక్కో. కంప్యూటర్లో ఫైళ్లు నడిపే ఈ-ఆఫీస్ రాని పెద్దాయనల పక్కన ఒక కుర్రాణ్ణి కూర్చోబెట్టు, జీవోలు చదివించినా రాదు అది.

అన్నట్టు మీ ఆఫీసులో ఆడవాళ్ల బాత్రూమ్‌కి తలుపు గడియ లేదన్నావు. రిజిస్టర్ల సంగతి తర్వాత, రేపు వడ్రంగిని పిలిపించు.

పెదనాన్న,
శ్రీకాకుళం